హనుమన్న చేసిన పస్కా

ఎమ్మిగనూరులో సున్నం కొట్టే హనుమన్న అంటే తెలియని ఇల్లు తక్కువ. ఇప్పుడందరూ డబ్బాల రంగులకు అలవాటు పడ్డారు గాని, మట్టిగోడలకూ పాత మిద్దెలకూ సమాధులకూ ఇంకా సున్నమే కావాలి. సున్నం కావాలంటే హనుమన్న రావాలి. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే పెద్ద పెద్ద మిద్దెలకు కూడా ఆయన నిచ్చెన పోతుంది. పని మంచిది. నోరు ఇంకా మంచిది, అంటే పనికంటే ఎక్కువ నడుస్తుంది. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే అంటాడు. "నా చెయ్యి గోడ మీద ఉంటాది, నోరు ఊరి మీద ఉంటాది" అని.

పేరు హనుమన్న, పోయేది చర్చికి. ఆయన తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు మతం మారింది గాని పేరు మారలేదు. ఆ పేరే మనవడికి వచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరు ప్రతివాడూ మొదటివారమే పేరు మార్చుకోమని చెప్పేవాడు. "దేవుడు నన్ను ఈ పేరుతోనే ఎరుగును అయ్యగారూ. ఇప్పుడు మార్చుకుంటే ఆయప్ప నన్ను యాడని ఎతుక్కోవాల?" అనేవాడు హనుమన్న. ఆ తర్వాత ఆ పాస్టరు మళ్లీ ఆ ఊసెత్తేవాడు కాదు.

ఆయన తల్లి సంతోషమ్మ. క్రిస్మస్ పిల్లల పండగ, ఈస్టరు నా పండగ అనేది ఆమె. ఏసుప్రభువు సమాధిలోంచి లేచిన దినమని ఈస్టరుకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టించి, కొవ్వొత్తులు పెడతారు. ఆదోని రోడ్డు పక్కన సమాధుల తోటలో భర్త సమాధి ఉంది. ప్రతి ఈస్టరు నాడు పొద్దు పొడవకముందే సున్నం కుండ చంకన పెట్టుకొని పోయి తన చేత్తో తానే దానికి సున్నం కొట్టేది. కొడుకు ఊళ్లో సమాధులన్నింటికీ సున్నం కొట్టే మనిషి. అయినా ఆ ఒక్కదాని మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

"నువ్వు గుత్తపని మాదిరి కొడతావురా. మీ నాయన గుత్తకిచ్చే మనిషి కాదు" అనేది.

ఆమె కుంచె నిండా ముంచి ఒకేసారి అదిమేది. సున్నం కారిపోయి, చారలు చారలుగా గడ్డకట్టేది. చుట్టూ ఉన్న సమాధులు హనుమన్న చేతిపనితో అద్దాల్లా ఉంటే, తన తండ్రిది మాత్రం కొవ్వొత్తి కారినట్లుండేది. హనుమన్నకు తలకొట్టేసినట్లయ్యేది.

"అందరూ నేను కొట్టినాననుకుంటారు కదమ్మా!"

"అనుకోనీ" అనేది సంతోషమ్మ, కుంచె కడుక్కుంటూ.

ఒక వానాకాలంలో ఆమె పోయింది. పోయే ముందు పొలం పుట్రా గురించి మాట్లాడలేదు, ఉంటే కదా మాట్లాడటానికి. ఒక్కటే అడిగింది. "ఈస్టరు పొద్దున మా ఇద్దరికీ నీ చేత్తో సున్నం కొట్టు. కూలోళ్లను పెట్టొద్దు" అంది. హనుమన్న ఆమె చెయ్యి పట్టుకొని సరేనన్నాడు. భర్త పక్కనే ఆమెను పెట్టారు. ఇటుకలు కట్టి పైన సిమెంటు పూశారు. సున్నానికి ఈస్టరు దాకా ఆగాలి, ఆమె అడిగింది అప్పుడే కదా.

అట్లా మాట ఇచ్చిన మనిషి, ఈస్టరు రాకముందే ఈస్టరు అనేదే తప్పు అని తేల్చేశాడు.

ఆ తేల్చడం జరిగింది ఆదోనిలో, రామకృష్ణయ్య మిద్దెలో, నిచ్చెన మీద. రామకృష్ణయ్య పత్తి వ్యాపారి. ఉగాది వస్తోందంటే ఇంటికి, కొట్టుకు, వెనక గిడ్డంగికి అంతా సున్నం పడాల్సిందే. హనుమన్న చొక్కా జేబులో ఫోను పెట్టుకొని, అందులో ప్రసంగాలు పెద్దగా పెట్టుకొని పని చేస్తాడు. చెయ్యి గోడకు, చెవి జేబుకు. ఆరోజు ఎవరో కొత్త బోధకుడు గొంతు చించుకుంటున్నాడు. ఈస్టరు అన్నమాట వాక్యంలో, అంటే బైబిల్లో, చూపించండి చూద్దాం అంటున్నాడు. దేవుడు చెయ్యమన్నది పస్కా, ద్వారబంధానికి గొర్రెపిల్ల నెత్తురు పూసిన ఇళ్లను చావు దాటిపోయిన రాత్రి పండగ, దాన్ని తరతరాలకూ చెయ్యమన్నాడు, ప్రభువు చేశాడు, శిష్యులు చేశారు, మధ్యలో మనుషులు వచ్చి దాన్ని తీసేసి ఇంకో పండగ పెట్టారు, అది అన్యుల పండగ అంటున్నాడు.

హనుమన్న కుంచె ఆగింది. నిజమే కదా అనిపించింది. చిన్నప్పటి నుంచి చర్చికి పోతున్నాడు, ఒక్కరైనా ఈ ముక్క చెప్పారా? ఆ సాయంత్రానికి ఆయన అదే బోధకుడివి ఇంకో నాలుగు విన్నాడు. మరుసటి రోజుకు తనే బోధకుడైపోయాడు. నిచ్చెన దిగినప్పుడు తన తల గోడకంటే తెల్లగా ఉందని, లోపల కూడా అంతే తెల్లగా ఏమీ లేకుండా ఉందని ఆయన తర్వాత చెప్పుకునేవాడు.

ఇబ్బంది ఒక్కటే. పస్కా ఎప్పుడు? మొదటి నెల పున్నమి అని వాక్యంలో ఉంది. అది ఏ తేదీ అంటే ఫోనులో ఒక బోధకుడు ఒకటి చెప్పాడు, ఇంకొకాయన నెల తేడాతో ఇంకోటి చెప్పాడు, మూడో ఆయన ఆ ఇద్దరూ అబద్ధబోధకులన్నాడు. హనుమన్నకు ఒళ్లు మండింది. పైనుంచి కిందికి చూస్తే, రామకృష్ణయ్య పడక్కుర్చీలో కూర్చొని పత్తి ధరలు చూసుకుంటున్నాడు.

"సావుకారూ, మొదటి నెల పున్నమి ఎప్పుడొస్తాది?"

"మొదటి నెలంటే చైత్రం కదప్పా. ఎందుకు, ఏమన్నా మొక్కుబడి ఉందా?" అంటూ రామకృష్ణయ్య గోడకున్న పంచాంగం తీసి, అద్దాలు పెట్టుకొని, వేలు జరుపుతూ చెప్పాడు. ఉగాది పోయినాక వచ్చే పున్నమి. తర్వాత సంగతి తెలుసుకొని తెగ సంతోషపడిపోయాడు. "అంటే మీ ఏసుసామి కూడా చైత్రమాసమే లెక్కపెడతాడన్నమాట! ఇన్నాళ్లూ చెప్పలేదే?"

అన్యుల పండగ వద్దని బయల్దేరి, తేదీ కోసం పంచాంగం చూపించుకున్నానే అని హనుమన్నకు అప్పుడు తట్టింది. నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. చంద్రుడు ఎవరి సొత్తూ కాదు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పైగా ఒక గొప్ప ఆయుధం దొరికింది. ఆ ఏడు ఈస్టరు ఉగాది కంటే ముందే వచ్చింది. పస్కా ఉగాది తర్వాత. అంటే ప్రభువు పస్కాకు చనిపోతే, దానికి ముందే ఎట్లా లేచాడు?

ఆ ప్రశ్న పట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారి పొడవునా దాన్ని ఎట్లా అడగాలో నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు.

దేవదానం పాస్టరు నెమ్మదైన మనిషి, వయసులో హనుమన్న కంటే చిన్నవాడు. చర్చి వరండాలో, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఈతమట్టలు కట్టిస్తున్నాడు. హనుమన్న ప్రశ్న మొత్తం విన్నాడు.

"పున్నమి లెక్క వేరు, ఆదివారం లెక్క వేరు హనుమన్నా. పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి కట్టినారు. కొన్నేండ్లు రెండూ కలుస్తాయి, కొన్నేండ్లు కలవవు. నువ్వు ఏ తేదీన పుట్టినావో నీకు తెలుసా?"

"యాడ తెలుస్తాది? బడిలో సారు రాసిందే తేదీ."

"మరి నువ్వు పుట్టలేదా?"

హనుమన్న దగ్గర దీనికి జవాబు లేదు. లేనప్పుడు గొంతు పెంచడం ఆయన పద్ధతి. "ప్రభువు తిన్న పండగ మనమెందుకు తినం అయ్యగారూ? ఆయనకంటే మనం పెద్దోళ్లమా?"

"తింటున్నాం కదప్పా. నెలనెలా నువ్వు తీసుకునే రొట్టె, ద్రాక్షరసం ఎక్కడి నుంచి వచ్చినాయి? ప్రభువు చనిపోయే ముందు రాత్రి పస్కా బల్ల దగ్గరి నుంచే కదా. ఇంక గొర్రెపిల్ల అంటావా, ఆయనే మన గొర్రెపిల్ల. ఒక్కసారితో అయిపోయింది." పాస్టరు మట్ట చేతికిచ్చాడు. "నువ్వు పస్కా చేసుకుంటానంటే నేను వద్దనను. కాని ఈస్టరు పొద్దున సమాధుల తోటకు, పోయినోళ్ల దగ్గరికి రానని మాత్రం అనొద్దు."

వద్దంటే బాగుండేది. వద్దనకపోయేసరికి హనుమన్నకు పౌరుషం ఇంకా పెరిగింది. ఆ వారమంతా ఎవరు వచ్చి సమాధులకు సున్నం కొట్టాలన్నా, "ఈ ఏడు నేను కొట్టను, వాక్యంలో లేదు" అని పంపించేశాడు.

ఇంట్లో ఆయన భార్య రూత్ జొన్నరొట్టె తడుతూ ఇదంతా వింటోంది. "ఉగాదికి సావుకారు మిద్దెకు సున్నం కొట్టమని వాక్యంలో ఉండాదా?" అంది.

"అది పని మే."

"మరి అత్త అడిగింది ఏంది?"

అమ్మ అడిగింది హనుమన్న మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇంత అరవాల్సిన పని లేదు. ఊరంతటికీ వాక్యం చెప్పి, మా అమ్మకొక్కదానికి పండగ చేసుకుంటానంటే ఏం ముఖం పెట్టుకొని తిరగాలి? అందుకని తన ముఖం కాపాడుకున్నాడు. ఏం ముఖం అది, సున్నపు చుక్కలు పడిన ముఖం అని ఇప్పుడు తనే నవ్వుతాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఈస్టరు పొద్దున చీకటితోనే రూత్ లేచింది. కొవ్వొత్తులు, కనకాంబరాలు సంచిలో పెట్టుకుంది. హనుమన్న గోడవైపు తిరిగి పడుకొని నిద్ర నటించాడు.

"సున్నం నువ్వే కొట్టేసిరా పో" అన్నాడు చివరికి, కళ్లు తెరవకుండానే.

"నేను కొట్టను. అత్త నిన్ను అడిగింది. నేను కొడితే నీ బదులు కొట్టినట్లయితాది" అని ఆమె వెళ్లిపోయింది.

ఎండ ఎక్కాక తిరిగివచ్చింది. ఖాళీ సంచి గోడకు తగిలించింది. హనుమన్నే అడిగాడు.

"ఎట్లుండె?"

"అన్నీ తెల్లగుండాయి. మనవి రెండే తెల్లగలేవు. మామది నిరుటి సున్నం, అత్తది వట్టి సిమెంటు. ఊర్లో అందరికీ సున్నం కొట్టే మనిషి తల్లిది అని సూసినోళ్లు సూసినారు" అంది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

ఉగాది వచ్చింది, పోయింది. ఉగాది మర్నాడు ఏటేటా మాదిరే కైరుప్పల ఊరివాళ్లు రెండుగా చీలి పిడకలతో కొట్టుకున్నారు. హనుమన్న ఇంట్లో పిడకలు లేకుండానే ఆ పని జరుగుతూ ఉంది. ఈస్టరు వదులుకున్నాక పస్కా అయినా ఘనంగా చెయ్యకపోతే రెంటికీ చెడ్డట్లే కదా. అందుకని హనుమన్న వాక్యంలో ఉన్నదంతా ఉన్నట్లే చెయ్యాలనుకున్నాడు. మచ్చలేని ఏడాది వయసు మగ గొర్రెపిల్ల కావాలి. రూత్ తమ్ముడు గోవిందు పెద్దకడుబూరు నుంచి ఒక పొట్టేలును ఆటోలో వేసుకొని వచ్చాడు.

"బావా, మచ్చలేదు సూడు. కావాలంటే తోక ఎత్తి సూసుకో."

పులియని రొట్టె కావాలి. ఆ మాటకు రూత్ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. "మనింట్లో ఏ దినమన్నా పులిసిన రొట్టె తిన్నామా? దినామూ జొన్నరొట్టే కదా. అట్లయితే మీ తాత కాలం నుంచి మనం పస్కానే సేస్తాండాం." హనుమన్న దీన్ని వినిపించుకోలేదు. చేదుకూర కావాలి. ఇంటిముందు వేపచెట్టు ఉంది. ద్వారబంధానికి, పైకమ్మికి నెత్తురు పూయాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. హనుమన్నకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. గోవిందు కత్తి నూరుతుంటేనే పెరట్లోకి పోయి, అరటిచెట్టు వెనక నిలబడి, చెవులు మూసుకున్నాడు. నెత్తురు చూడలేని మనిషి పస్కా చేస్తానని బయల్దేరాడు.

పని అయ్యాక వచ్చి, గిన్నెలో నెత్తురు ఉందని గోవిందు చూపించబోతే, "దాన్ని అట్లనే పారబొయ్యి" అన్నాడు. దేవుడు మనసు చూస్తాడు గాని రంగు చూడడు కదా. డబ్బాలో గడపలకు పూసే ఎర్రజాజు మట్టి కలిపాడు. వాక్యంలో కొమ్మతో పూయమని ఉంది కాబట్టి వేపకొమ్మ ముంచి పూశాడు. కొమ్మతో పూసిన రంగు మరకలు మరకలుగా వచ్చింది. అది చూసి పనిమంతుడికి ప్రాణం ఒప్పలేదు. కుంచె తీసి, అంచులు తిన్నగా లాగాడు. ఇంతలో రొట్టెలు అయ్యాయా లేదా అని లోపలికి తొంగి చూస్తూ మాట్లాడుతున్నాడు. నోరు లోపలికి పోయింది, చెయ్యి బయటే ఉంది. ముప్పై ఏండ్లుగా ప్రతి ఉగాదికీ ఎన్ని గడపలకు ఎర్రజాజు పూసి, దాని మీద తెల్లటి సున్నపు బొట్లు పెట్టిందో ఆ చెయ్యి. తన పాటికి తాను ద్వారబంధం పొడవునా వరసగా తెల్లబొట్లు పెట్టేసింది. మిగిలిన వేపకొమ్మను ఎక్కడ పెట్టాలో తెలియక పైకమ్మిలో దోపేసింది.

హనుమన్న వెనక్కి జరిగి చూసుకొని, పని బాగా కుదిరిందనుకున్నాడు.

పొద్దు వాలింది, పున్నమి చంద్రుడు రావడానికి సిద్ధంగా ఉన్నాడు. మొదట వచ్చింది పక్కింటి ఉరుకుందమ్మ. చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ.

"ఏమన్నా, గోడపక్కన ఉండేదాన్ని, నాకొక్కమాట సెప్పకూడదా? పొట్టేలు కోసినాక వాసన సూసి తెలుసుకోవాల్నా? ఏ అమ్మోరికి సేస్తాండావు దేవర? సుంకులమ్మకా, మారెమ్మకా?"

"దేవర కాదక్కా, ఇది..."

ఆయన చెప్పేలోపే ఆమె గడపకు కుంకుమ పెట్టి, టెంకాయ టప్పున కొట్టేసింది. నీళ్లు హనుమన్న కాళ్ల మీద పడ్డాయి. వెనకాలే తప్పెట మెడకు తగిలించుకొని మాదన్న దిగాడు. పొట్టేలు తెగింది, గడప ఎర్రబారింది, వేపమండ కట్టారు, పున్నమి కూడా వచ్చె, తప్పెట లేకుండా దేవరేందప్పా అని ఎవరూ పిలవకపోయినా వచ్చాడు. రెండు దెబ్బలు వేసేసరికి వీధిలో ఆడవాళ్లంతా బిందెలు దించి వచ్చి నిలబడ్డారు. చర్చివాళ్లు ఒక్కరూ రాలేదు. వీధివాళ్లు ఒక్కరూ మిగలలేదు.

సరిగ్గా అప్పుడే దేవదానం పాస్టరు సైకిలు దిగాడు. హనుమన్న అమ్మవారికి పొట్టేలు కోశాడని ఆయనకు కబురు అందింది. ఎర్రగా మెరుస్తున్న గడప చూశాడు, తెల్లబొట్లు చూశాడు, వేపమండ చూశాడు, టెంకాయ చిప్పలు చూశాడు. వాక్యంలో ఉన్నట్లు నడుముకు తువ్వాలు బిగించి, ఇంట్లోనే చెప్పులు వేసుకొని, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో జొన్నరొట్టె పట్టుకొని నిలబడ్డ హనుమన్నను చూశాడు. పాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"హనుమన్నా, అమ్మ పోయిన దుఃఖంలో ఉండావని తెలుసు. ఏ కష్టమొచ్చినా నాతో చెప్పకూడదా? అమ్మవారి దగ్గరికి పోవాల్సినంత కష్టం ఏమొచ్చిందప్పా?"

"అయ్యగారూ, ఇది పస్కా!" అని హనుమన్న అరిచాడు.

ముందు గోవిందుకు నవ్వు ఆగలేదు. పాస్టరు మళ్లీ గడప వంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హనుమన్న కూడా తిరిగి తన ద్వారాన్ని మొదటిసారి ఊరి కళ్లతో చూశాడు. అచ్చం సుంకులమ్మ గుడి. ఆ బొట్లు ఎప్పుడు పెట్టాడో ఆయనకే గుర్తులేదు. అన్యుల పండగ వద్దని ఈస్టరు మానేసి, పంచాంగం చూసుకొని, పొట్టేలు కోసి, అమ్మవారి గుడి కట్టుకున్నాడు. అప్పటికే పగలబడి నవ్వుతున్న వీధివాళ్ల మధ్యలో ఇంక తాను నవ్వక తప్పలేదు. నవ్వుతూ నవ్వుతూ కర్ర కింద పడేసుకున్నాడు.

కూరా రొట్టె అందరికీ పెట్టారు. నిలబడి, త్వరత్వరగా తినాలని హనుమన్న ఇంకా నియమం చెబుతూనే ఉన్నాడు. "కూసోనియ్యన్నా, ఏం బస్సు పోతాదా?" అని ఉరుకుందమ్మ చేదుకూర పక్కన పెట్టి, కూర్చొని శుభ్రంగా భోంచేసింది. పాస్టరు కూడా రొట్టె తిన్నాడు. హనుమన్నకు కొంచెం ధైర్యం వచ్చింది. అభిమానం ఎక్కడ తెగిందో అక్కడ కుట్టుకోవాలనిపించింది.

"సరే, నవ్వినారు కదా. ఇప్పుడు ఎవరన్నా న్యాయం సెప్పండి. పస్కానా, ఈస్టరా? మే రూతూ, నువ్వన్నా సెప్పు."

రూత్ రొట్టెల గంప పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. అందరితోపాటు ఆమె కూడా నవ్విందిగాని, ఎప్పుడు ఆపిందో ఎవరూ చూడలేదు.

"నాకు తారీకులు తెలీవప్పా" అంది. "ఆ ఆదివారం పొద్దున ఆడోళ్లు ప్రభువు సమాధి కాడికి పోయినారే, వాళ్లు పండగ సేస్కోను పోలేదు. సచ్చిపోయినాయనకు సుగంధాలు పూసే పని మిగిలిపోయిందని పోయినారు. పండగ దేవుడు సేసినాడు. వాళ్లు పోయింది పనికి. నువ్వు పండగ వద్దంటివి, సరే. పని ఎందుకు వద్దంటివి?"

మాదన్న తప్పెట గోడకు ఆనించాడు. గోవిందు గిన్నెలు తీయడానికి లేచాడు. జవాబు లేనప్పుడు గొంతు పెంచే మనిషికి ఆరోజు గొంతు రాలేదు. ఆయన కళ్ల ముందు వట్టి సిమెంటు రంగులో అమ్మ సమాధి కనబడింది. చాలా బాధేసింది. ఇంత పొట్టేలు, ఇంత కర్ర, ఇన్ని చెప్పులు ఎందుకు చేశాడో ఆయనకు తెలిసిపోయింది. ఒక్క కుండెడు సున్నం కొట్టలేక చేశాడు.

పాస్టరు సైకిలు ఎక్కుతూ, "వారం వారం వచ్చే ఆదివారం కూడా ఆయన లేచిన దినమే హనుమన్నా. అదేమీ పోలేదు" అన్నాడు.

శనివారం సాయంత్రం హనుమన్న సున్నం కోసం వెతికాడు. ఉగాది పని అయిపోయి డబ్బాలన్నీ ఖాళీ. ఇప్పుడు సున్నపురాళ్లు తెచ్చి తడిపినా తెల్లారేసరికి సున్నం చేతికి రాదు, గరుకుగా ఉంటుంది. ఇది కూడా ఇట్లానే ఏడ్చిందా అనుకుంటూ పెరట్లో కూర్చున్నాడు. రూత్ వచ్చి, బట్టలుతికే బండ వెనక గోనెపట్టా తొలగించింది. కింద ఒక కుండ ఉంది. పైన వేలు మందం నీళ్లు, నీళ్ల కింద సున్నం.

"ఎప్పుడు నానబెట్టినావు?"

"మట్టలాదివారం ముందు. ఎండిపోకుండా దినామూ నీళ్లు పోస్తాండా. నానేకొద్దీ ఎన్న మాదిరి అయితాదని నువ్వే కదా సెప్తావు."

హనుమన్న వేలు పెట్టి చూశాడు. నిజంగా వెన్నే. తను వాక్యం చెప్పుకుంటూ తిరిగిన దినాలన్నీ ఈమె ఈ కుండలో నీళ్లు పోస్తూ ఉంది. ఆయనకు ఏడుపు వచ్చింది. "సున్నం ఘాటు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. అంతగా నానిన సున్నానికి ఘాటు ఉండదని ఇద్దరికీ తెలుసు. రూత్ కుంచె కడగడానికి పోయింది.

ఆదివారం చీకటితోనే ఇద్దరూ బయల్దేరారు. సమాధుల తోటలో ఎవరూ లేరు. ఈస్టరుకు ఆయన రానందువల్ల ఎవరో నానబెట్టకుండా పొడి కలిపి మిగతా సమాధులకు కొట్టిన సున్నం అప్పుడే చేతికి అంటుకుంటోంది. అది చూసి హనుమన్నకు లోపల కాస్త సంతోషం కలిగింది, కలిగినందుకు వెంటనే సిగ్గేసింది. అమ్మ సమాధికి తడి చేసి, రెండు పూతలు వేశాడు. ఇంత నున్నటి పని ఆయన ఏ సావుకారు మిద్దెకూ చెయ్యలేదు. "లేటయిందమ్మా" అన్నాడు మెల్లగా.

తర్వాత నాయన సమాధి. పాత సున్నాన్ని గీకకుండా కొత్తది కొట్టకూడదు. అది ఆయన నియమం. గీకని గోడ మీద కుంచె పెట్టిన కూలివాణ్ణి నిచ్చెన మీద నుంచి దింపేసిన సందర్భాలున్నాయి. సంచిలోంచి గీకే రేకు తీసి, శిలువ కింద ఆనించాడు. అక్కడ నిరుటి సున్నం చారలు చారలుగా కారి గడ్డకట్టి ఉంది. సంతోషమ్మ చేతిపని. ఒక చార చివర, కారుతుంటే ఆపడానికి ఆమె బొటనవేలు పెట్టిన గుర్తు కూడా ఉంది.

హనుమన్న రేకును మళ్లీ సంచిలో పెట్టేశాడు. కుంచె ముంచి, ఆ చారల మీదనే మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. కుంచెలో సున్నం ఎక్కువైంది. అది పాత చారల వెంబడే కొత్త చారలుగా కిందికి దిగింది. ఆయన ఆపలేదు.

పొద్దు పొడుస్తోంది. రూత్ కొవ్వొత్తి వెలిగించి, వంగి చూసింది.

"ఎవరన్నా సూస్తే అత్తే కొట్టిందనుకుంటారు" అంది.

"అనుకోనీ" అన్నాడు హనుమన్న.